చీటీ వెనకవైపు

సోమవారం ఉదయం ఏడూ నలభైకి కింది వాటా ఆవిడ మేడ మీదికి వెళ్లి తలుపు తోసింది. నిన్నటి నుంచి వంటింట్లో లైటు వెలుగుతూనే ఉందని, తెల్లారినా ఆర్పకపోతే ఎలాగని అడగడానికి వెళ్లింది.

అడగడానికి అక్కడ మనిషి లేడు.

ఎనిమిదీ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

శవం వంటింటి నేల మీద పక్కకి ఒరిగి ఉంది. అరవై ఏళ్ల మనిషి. పెద్ద చేతులు. వేళ్ల నిండా పాత గాట్లు. కుడికంటికి ప్లాస్టిక్ కప్పు, దాని చుట్టూ టేపు. ఎడమకన్ను తెరిచే ఉంది. పడిపోయేటప్పుడు ఫోను జారినట్టుంది. అది బల్ల కాలి దగ్గర ఉంది. కుడిచెయ్యి దానివైపు చాపి ఉంది.

చేతికీ ఫోనుకీ మధ్య జానెడు దూరం.

ఇన్‌స్పెక్టర్ ఆ జానెడు వైపు కాసేపు చూశాడు. తర్వాత పని మొదలుపెట్టాడు.

చచ్చిపోయినాయన రేవు పక్కనున్న చేపల పరిశోధన కేంద్రంలో కోతపని చేస్తాడు. వలలో పడ్డ చేపని కోసి, లోపల ఉన్నవి తూచి, సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టడం పని. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. చిన్నాపెద్దా అందరికీ ఆయన మేస్త్రి. భార్య పోయి మూడేళ్లు. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో ఉద్యోగం. పోయిన మంగళవారం కంటి శుక్లానికి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి సెలవులో ఉన్నాడు.

ఇదంతా కింది వాటా ఆవిడే చెప్పింది. "అన్నయ్య చాలా నెమ్మదస్తుడు సార్. ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు," అంది.

ఆదివారం ఎవరైనా వచ్చారా అని అడిగాడు. తను ఆదివారాలు చెల్లెలి ఇంటికి పోతానని, సాయంత్రం ఏడింటికి గాని రానని చెప్పింది.

బల్ల మీద ఒక పళ్లెం. అందులో సగం కొరికిన రొట్టెముక్క. దాని మీద పసుపుపచ్చని ముద్ద పూసి ఉంది. చెత్తబుట్టలో పాత పేపరు పొట్లం. విప్పితే చేప తల, తోక, వెన్నెముక, పేగులు. పక్షి ముక్కులా నాలుగు పళ్లు. పొట్ట చర్మం మీద చిన్న చిన్న ముళ్లు.

"బుడగచేప," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ చేప ఈ తీరంలో పుట్టింది కాదు. ఆరేళ్ల కిందట ఎక్కడి సముద్రం నుంచో వచ్చి పడింది. వచ్చిన దగ్గర్నుంచి వలలు కొరికి, ఇక్కడి చేపల్ని తిని, తన సంతతి పెంచుకుంటోంది. భయపెడితే బుడగలా ఉబ్బుతుంది. తింటే మనిషిని చంపుతుంది. రేవులో దాని బొమ్మవేసి ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టారు.

"మూడు గాట్లు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పొట్ట కోసిన చోట కత్తి మూడుసార్లు ఆగి మొదలైంది. అంచులు చిరుగులు చిరుగులుగా ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు చేపలు కోసిన చెయ్యి అలా కొయ్యదు.

"ఒంటికన్ను సార్," అన్నాడు హెడ్.

అదీ నిజమే.

ఇల్లంతా తిరిగాడు. మగవాడు ఒంటరిగా ఉండే ఇల్లు. కిటికీ చువ్వల మీద దుమ్ము, రేడియో మీద దుమ్ము, అల్మారాలో దుమ్ము. అల్మారా పై అరలో మాత్రం మూరెడు మేర దుమ్ము లేదు. అక్కడ ఏవో వరసగా పెట్టి ఉండేవి. ఇప్పుడు లేవు. వంటింట్లో రెండు కుర్చీలు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. గోడకి క్యాలెండరు, దాని పక్కన మేకుకి గుచ్చిన కంటి క్లినిక్ కార్డు. ఎనిమిది, పన్నెండు, నాలుగు, ఎనిమిది: రోజుకి నాలుగుసార్లు చుక్కలు. వేసుకున్నప్పుడల్లా టిక్కు పెట్టాడు. ఒక్కటి కూడా తప్పలేదు. చివరి టిక్కు ఆదివారం పన్నెండు గంటల గడిలో ఉంది.

హెడ్ ఆ టిక్కులు లెక్కపెట్టి రాసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి పోలీసు డాక్టరు ఫోన్ చేశాడు. కడుపులో రొట్టె, వెన్న, చితికిన చేపగుడ్లు. గుడ్లలో బుడగచేప విషం, టెట్రోడోటాక్సిన్. తిన్నది ఒంటిగంట ప్రాంతంలో, ప్రాణం పోయింది నాలుగు, అయిదు మధ్య. ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి. తర్వాత కాళ్లు, చేతులు. చివరికి ఊపిరి.

"తెలివి?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"దాదాపు చివరిదాకా ఉంటుంది. అన్నీ వినపడతాయి. కదల్లేడు, అంతే."

ఇన్‌స్పెక్టర్ ఫోను పెట్టేశాడు. రెండేళ్ల కిందట ఇన్‌స్పెక్టర్ భార్య పోయేముందు ఆస్పత్రిలో ఆవిడ మంచం పక్కన నిలబడి ఇంకో డాక్టరు, ఆవిడకి ఏమీ తెలియడం లేదని చెప్పాడు. ఆ డాక్టర్ని ఆయన ఇప్పటికీ క్షమించలేదు. తెలుస్తోందేమో. ఎవడు చూశాడు?

అయిదింటికి కూతురు వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఏడవలేదు. అమ్మ పోయిన రోజున నాన్న కేంద్రంలో చేపలు కోస్తున్నాడని, కబురు పంపితే చేతిలో పని ముగించి వచ్చాడని, వచ్చేసరికి అయిపోయిందని చెప్పింది. అప్పట్నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఆపరేషన్ సంగతి కూడా తెలియదు.

"శుక్రవారం పొద్దున ఎనిమిదీ పదికి ఫోన్ చేశాడు సార్. నా చేతిలోనే ఉంది ఫోను. చూస్తూ కూర్చున్నా. ఎత్తలేదు." ఒళ్లోని సంచి పట్టీ మెలిపెట్టింది. "బయట మీవాళ్లు ఆత్మహత్య అంటున్నారు. నేను ఎత్తనందుకేనా? అదొక్కటీ చెప్పండి. ఇంకేం అడగను."

ఇన్‌స్పెక్టర్ ఓదార్చే రకం కాదు. స్టేషన్‌లో ఆయనకి వెనకాల పెట్టిన పేరు ఎండుకట్టె.

"తెలీదమ్మా," అన్నాడు. "తెలిస్తే ఏదైనా సరే ఉన్నదున్నట్టు చెప్తాను. మంచిదైనా, చెడ్డదైనా."

ఆమె తల ఊపింది. ఆ మాట ఆమెకి నచ్చినట్టే ఉంది.

*

మంగళవారం తొమ్మిదింటికి ఆయన పరిశోధన కేంద్రానికి వెళ్లాడు.

కేంద్రంలో అందరూ పెద్దసారు అని పిలిచే డైరెక్టర్ గది చల్లగా ఉంది. గోడల నిండా పటాలు, సన్మానాలు. ఆయన చేతులు మెత్తగా, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. మేస్త్రి పోవడం కేంద్రానికి తీరని లోటన్నాడు. పెళ్లాం పోయాక మనిషి మునుపటిలా లేడనీ, బతికి ఏం లాభం సార్ అని తనతోనే రెండుసార్లు అన్నాడనీ చెప్పాడు. ఫ్రీజర్ తాళంచెవి ఒకటి మేస్త్రి దగ్గరే ఉండేది. విషం ఎక్కడుంటుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

"ఆపరేషన్ అయ్యాక వెళ్లి చూశారా?"

"లేదండీ. వెళ్దామనే అనుకున్నా. ఈలోపే ఇలా అయింది."

ఇంకో మాట కూడా చెప్పాడు, చెప్పకూడదంటూనే. కేంద్రంలో ఒక చిన్న సైంటిస్టు ఉంది. ఆమెకీ మేస్త్రికీ పోయిన నెల గట్టిగా మాటామాటా అయిందట. ఫ్రీజర్ తాళం మొత్తం మూడు. ఒకటి మేస్త్రిది, ఒకటి తనది, మూడోది ఆమెది.

చిన్న సైంటిస్టు కోతగదిలో ఉంది. ఇరవై ఏడేళ్లుంటాయి. ఏడ్చిన కళ్లు. చేతులు మాత్రం పని ఆపలేదు. గొడవ సంగతి అడిగితే దాచలేదు. తను గుడ్లసంచి తూచేటప్పుడు నీళ్లు వార్చలేదని మేస్త్రి బాబాయ్ అందరిముందూ చివాట్లు పెట్టాడని, తను రెండురోజులు అలిగానని, మూడోరోజు ఆయనే టీ తెచ్చి బల్ల మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లాడని చెప్పింది. శని, ఆదివారాలు రెండూ తను హాస్టల్లోనే బట్టలు ఉతుక్కుంటూ గడిపింది. సాక్ష్యం లేదు.

"చూడ్డానికి వెళ్లావా?"

ఆమె తల దించుకుంది. "వెళ్లలేదు సార్. మొన్న ఆదివారం పోవాలనుకున్నా. పోస్టుపోన్ చేశా."

అందరూ వెళ్దామనుకున్నవాళ్లే. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వస్తామన్నవాళ్ల లిస్టు కూడా అంతే పొడుగ్గా ఉంటుంది.

"నాకీ చేప గురించి చెప్పు. నేను పల్లెటూరి బళ్లో చదివినవాణ్ని. తిన్నగా చెప్పు."

ఆమె తిన్నగానే చెప్పింది. విషం చేప ఒంట్లో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కాలేయంలో ఎక్కువ. ఆడచేప గుడ్లసంచిలో మరీ ఎక్కువ. ఎండాకాలంలో గుడ్లు పండుతున్న కొద్దీ తల్లి తన విషం తీసి గుడ్లకి పంపుతుంది. పెట్టాక వాటిని కాపాడ్డానికి తల్లి పక్కన ఉండదు. అందుకని ఆ విషమే వాటికి కాపలా. వేరే చేప నోట్లో వేసుకున్నా ఉమ్మేస్తుంది. గుడ్లు పెట్టేశాక సంచి వాడిపోతుంది. చలికాలంలో దాన్ని వెతికి పట్టుకోవాలి.

"ఇప్పుడు చలికాలమే కదా."

"అవును సార్."

"మరి మేస్త్రి కడుపులో పండిన గుడ్లున్నాయి. నువ్వులగింజలో సగం ఉన్నాయన్నాడు డాక్టరు."

ఆమె చేతిలో కత్తి మొదటిసారి ఆగింది. "ఈ నెల్లో సముద్రంలో అలాంటి గుడ్లు దొరకవు. అవి ఫ్రీజర్లోవి. ఎండాకాలంలో కట్టినవి."

ఇన్‌స్పెక్టర్ తను తెచ్చిన ఐసుడబ్బా తెరిచాడు. చెత్తబుట్టలో దొరికిన పొట్లం. ఠాణాలో దాన్ని చేపచెత్త అని రాసి మూల పెట్టేశారు. డాక్టరు కూడా విషం ఉందా లేదా అన్నదే చూశాడు. ఆమె తొడుగులు వేసుకుని పేగులు పక్కకి తీసింది. వెన్నెముక కింద, తోకవైపు, వేలితో తడిమింది. పట్టకారుతో ఒక తెల్లని పోగు పైకి లేపింది. లంగా నాడాలా సన్నగా ఉంది, రెండు వేళ్ల పొడుగు.

"మగది," అంది.

ఆ పోగుని పళ్లెంలో విడిగా పెట్టింది.

మగచేప చెత్తబుట్టలో ఉంది. ఆడచేప గుడ్లు మనిషి కడుపులో ఉన్నాయి. ఆ చేప వండుకోవడానికి కోసింది కాదు. పోలీసులు చూడ్డానికి కోసి పెట్టింది.

తర్వాత ఫ్రీజర్ తెరిపించాడు. దాని పక్కన గోడకి ఒక గుండ్రని కాగితం తిరుగుతూ ఉంటుంది. లోపలి చలి ఎంతో పెన్ను దానిమీద గీత గీస్తుంది. తలుపు తీస్తే గీత లేస్తుంది. శనివారం మధ్యాహ్నం కేంద్రం మూసేశారు. శనివారం సాయంత్రం ఆరూ నలభైకి గీత లేచింది.

ఇన్‌స్పెక్టర్ కంటి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. శనివారం ఆరున్నరకి మేస్త్రికి చెకప్. రద్దీగా ఉండి ఏడూ ఇరవై అయిదు దాకా బెంచీ మీదే కూర్చున్నాడని నర్సు చెప్పింది. ఆయనకి తోడు ఎవరూ రాలేదని కూడా చెప్పింది. అది ఇన్‌స్పెక్టర్ అడగలేదు.

మేస్త్రి కాదు. ఇంక మిగిలినవి రెండు తాళాలు.

లోపల వరసగా సంచులు. ప్రతి సంచికీ దారం, ప్రతి దారానికీ ఒకే ముడి. వలలు అల్లేవాళ్లు వేసే ముడి. ఒక్క సంచికి మాత్రం జోళ్ల తాడులా రెండు చెవుల ముడి వేసి ఉంది. చీటీ మీద రెండువందల పన్నెండు గ్రాములని ఉంది. తూచితే నూట ముప్ఫై ఒకటి.

"ఎనభై ఒకటి తగ్గింది. ఒక మనిషికి చాలా?"

"ముగ్గురికి చాలు," అంది ఆమె. ఆ చీటీ తిప్పి చూసి, బొటనవేలితో దానిమీది మంచు తుడిచింది.

"ఏంటది?"

"బాబాయ్ అలవాటు సార్. ముందువైపు నంబరూ బరువూ రాయాలి. అది ఆఫీసు లెక్క. ఆయన ప్రతి చీటీ వెనకా తన మాట ఒకటి రాసుకుంటాడు. ఏ కాగితం దొరికినా అంతే. బస్సు టిక్కెట్ వెనక్కూడా రాస్తాడు." చీటీ చూపించింది. గుండ్రని బడి అక్షరాలు. *ఆడది. గుడ్లు పండినవి. కడుపులో ఎండ్రకాయ.*

ఇన్‌స్పెక్టర్ ఇంకో సంచి తీసి చీటీ తిప్పాడు. ఇంకోటి. ఇంకోటి. తర్వాత మేస్త్రి ఇంటి తాళంచెవి తీసుకుని బయల్దేరాడు.

వంటింట్లో మేకుకి గుచ్చిన క్లినిక్ కార్డు అక్కడే ఉంది. టిక్కులు పైకి.

దాన్ని తిప్పాడు. నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు.

*

బుధవారం పదకొండింటికి అందరినీ కోతగదికి రమ్మన్నాడు. డైరెక్టర్, చిన్న సైంటిస్టు, కేంద్రం పడవ నడిపే సరంగు. తలుపు దగ్గర మేస్త్రి కూతురు. ఆమె రావడం పద్ధతి కాదని హెడ్ గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ వినిపించుకోలేదు.

స్టీలు బల్ల మీద మూడు బుడగచేపలు. ఒకటి మూరకి మించి పెద్దది. ఒకటి మధ్యరకం. ఒకటి జానెడు.

"ఇందులో మగది ఏది, ఆడది ఏది?" అని సరంగుని అడిగాడు.

సరంగు బట్టతల గోక్కున్నాడు. "దాని మొహం మీద ఏమన్నా రాసుంటుందా సార్? ఇరవై ఏళ్లుగా పడుతున్నా, మా ఆవిడ మనసూ బయటికి తెలీదు, చేప సంగతీ బయటికి తెలీదు. కొయ్యాల్సిందే."

పొద్దున ఈ మూడూ ఇచ్చింది ఇతనే. శనివారం పొద్దున బయట ఐసుపెట్టెలో ఏడు చేపలు వేశాననీ, సోమవారం చూస్తే ఆరే ఉన్నాయనీ, పోయింది అన్నిట్లోకీ పెద్దదనీ అప్పుడే చెప్పాడు.

"నువ్వు చెప్పమ్మా."

"కొయ్యకుండా చెప్పలేను సార్," అంది చిన్న సైంటిస్టు.

"మీరు సార్?"

డైరెక్టర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఖచ్చితంగా అంటే కొయ్యాలనుకోండి. కానీ సైజుని బట్టి చెప్పొచ్చు. అది నేను నాలుగేళ్ల కిందటే తేల్చిన విషయం. పెద్దది ఆడది. ఈ రెండూ మగవి."

"కొయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె కోసింది. ఒక్కో చేపకీ ఒక్క గీత. పెద్దదాని కడుపులో వెన్ను కింద తెల్లని నాడా. జానెడు చేపలో నారింజరంగు తిత్తి, చిన్నది, వాడినది. వేలితో నలిపితే ఇసకరవ్వలా గింజలు. మధ్యరకం దాంట్లోనూ అదే.

"మగది. ఆడది. ఆడది."

డైరెక్టర్ మొహం మీద ఒక రకమైన ఆశ్చర్యం కనిపించింది. అది నటన కాదు. ఇన్‌స్పెక్టర్‌కి కావలసింది అదే.

"మేస్త్రి ఇంట్లో చెత్తబుట్టలో దొరికింది కూడా మగదే," అన్నాడు. "ఆ చేప తెచ్చిపెట్టినవాడికి గుడ్లున్న చేప కావాలి. అందుకని పెట్టెలో అన్నిట్లోకీ పెద్దది ఏరుకున్నాడు. పెద్దదైతే ఆడదే అని వాడి నమ్మకం. ఇక్కడ అలా నమ్మే మనిషి ఒక్కడే. కొయ్యడం తెలిసినవాళ్లు ఎవరూ నమ్మరు. మేస్త్రి నమ్మడు. ఈ పిల్ల నమ్మదు. పడవవాడు కూడా నమ్మడు."

డైరెక్టర్ నవ్వబోయాడు. అది నమ్మకం కాదని, అచ్చయిన పట్టిక అని అన్నాడు.

పట్టిక సంగతి కూడా చెప్పాడు ఇన్‌స్పెక్టర్. నాలుగేళ్ల కిందట ఒక సదస్సుకి తొందరపడి, మేస్త్రి రాసిచ్చిన ఆడా మగా లెక్క పక్కన పడేసి, చేప పొడుగుని బట్టి తనే గడులు నింపుకున్నాడు డైరెక్టర్. పెద్దవన్నీ ఆడవి, చిన్నవన్నీ మగవి. పట్టిక చూడముచ్చటగా వచ్చింది. పేరూ వచ్చింది. దాని మీద ఇంకోటి కట్టాడు. చలికాలపు చిన్నచేపలు మగవి గనక వాటి మాంసంలో విషం లెక్కలోకి రాదు, డబ్బాల్లో పెట్టి అమ్మొచ్చు. వచ్చే ఒకటో తారీకున ఫ్యాక్టరీ మొదలవుతుంది. మగచేపలో కూడా విషం ఉంటుందని మేస్త్రి చెప్పాడు. చిన్నవాటిలో సగం ఆడవేనని చెప్పాడు. జనం తింటారని, చస్తారని చెప్పాడు. కన్ను బాగుపడగానే తన నోటుపుస్తకాలు పట్టుకుని పైవాళ్ల దగ్గరికి పోతానని కూడా చెప్పాడు. సెలవు పెట్టిన రోజున సరంగు పక్కనే ఉండి విన్నాడు.

"ఆ పుస్తకాలు ఆయన అల్మారాలో ఉండేవి. ఇప్పుడు లేవు. మూరెడు చోటు ఖాళీ. తీసుకుపోయినవాడు పని ముగిసిందనుకున్నాడు." ఫ్రీజర్ వైపు చెయ్యి చూపాడు. "రెండువేల నాలుగువందల సంచులు. ప్రతి చీటీ వెనకా ఆడదో మగదో రాసి ఉంది. మీరు శనివారం ఒక సంచి విప్పారు. బరువు చూశారు. తిప్పి చూడలేదు."

"నేను శనివారం మధ్యాహ్నమే ఇంటికి వెళ్లాను."

"ఆదివారం?"

"ఇంట్లోనే. ఆపరేషన్ తర్వాత నేనతన్ని చూడలేదని మీకు ముందే చెప్పాను."

ఇన్‌స్పెక్టర్ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల క్లినిక్ కార్డు.

"ఇది మందు చుక్కల కార్డు. మేము సోమవారమే చూశాం. మేమూ తిప్పలేదు." అని వెనకవైపు చదివాడు. ఎక్కడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"బుధవారం. ఎవరూ రాలేదు.

గురువారం. ఎవరూ రాలేదు. పిల్లి వచ్చింది.

శుక్రవారం. అమ్మాయికి ఫోన్ చేశా. పనిలో ఉన్నట్టుంది. ఆదివారం మళ్లీ చేస్తా.

శనివారం. ఎవరూ రాలేదు. పొద్దున పెద్దసారు ఫోన్ చేశారు. రేపు ఒంటిగంటకి వస్తారట. నాకు చేపగుడ్లంటే ఇష్టమని గుర్తుంది ఆయనకి.

ఆదివారం. పెద్దసారు వస్తారు. రెండో కుర్చీ తుడిచా."

తలుపు దగ్గర కూతురు గోడకి ఆనుకుంది.

చిన్న సైంటిస్టు చేతిలో కత్తి బల్ల మీద పెట్టి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టు.

డైరెక్టర్ కళ్లజోడు తీశాడు. తర్వాత కుర్చీ కోసం చూశాడు. ఎవరూ ఇవ్వలేదు.

మేస్త్రి అవి బజారు చేపగుడ్లనుకున్నాడని, వెన్నా నిమ్మరసం కలిపి మా ఆవిడ నీకోసం చేసిందని చెప్పాననీ, తనకి పన్నునొప్పని తప్పించుకున్నాననీ నిలబడే చెప్పాడు. పుస్తకాలు ఒకసారి సరిచూసుకుంటానంటే మేస్త్రి తనే కుర్చీ ఎక్కి దించి ఇచ్చాడట. చేప పొట్ట తన కారు డిక్కీలోనే కోసి, మేస్త్రి పుస్తకాలు దించుతుంటే పొట్లం చెత్తబుట్టలో వేశాడట.

"ఆ కంటితో సరిగా కనపడలేదు అతనికి," అన్నాడు. ఇంకేదో తనలో తనే వింటున్నట్టు ఆగాడు. "రొట్టె మీద రాసి నేనే ఇచ్చాను. చాలా బాగుందన్నాడు. ఇంకోటి అడిగాడు."

"కనపడక కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముప్ఫై ఒక్క ఏళ్లు చేపగుడ్లు చూసినవాడు కళ్లు మూసుకుని చెప్తాడు. చూడలేదు, అంతే. అయిదు రోజుల తర్వాత ఒక మనిషి ఇంటికొచ్చాడు. ఆయన ఆ మనిషిని చూస్తూ తిన్నాడు."

హెడ్ బేడీలు తీశాడు. పన్నెండు గంటల అయిదు నిమిషాలు.

*

నాలుగింటికి కూతురు ఠాణాకి వచ్చింది. కాగితాల మీద సంతకాలు పెట్టింది. కార్డు ఇస్తారా అని అడిగింది.

"కేసు తేలేదాకా ఇవ్వడం కుదరదమ్మా."

"ఇంకోసారి చూడనిస్తారా?"

కవరుతో సహా ఇచ్చాడు. ఆమె శుక్రవారం దగ్గరే ఆగిపోయింది. వేలితో ఆ లైను మీద ప్లాస్టిక్ తడిమింది.

"ఉన్నదున్నట్టు చెప్తానన్నారు."

"ఆత్మహత్య కాదు. మీవల్ల కాదు. మళ్లీ ఫోన్ చేద్దామనుకున్నవాడు చావాలనుకోడు."

"చెయ్యి ఫోను వైపు చాపి ఉందట కదా. ఎవరికి?"

డాక్టరుకి అయ్యుండొచ్చు. అలా చెప్పి పంపెయ్యొచ్చు. వేరే ఇన్‌స్పెక్టరైతే అదే చెప్పేవాడు.

"ఆదివారం కదా," అన్నాడు.

ఆమె వేలు 'ఆదివారం మళ్లీ చేస్తా' అన్న మాట మీదికి జరిగింది. "నేను శుక్రవారం ఎత్తి ఉంటే ఆదివారానికి ఆ ఇంట్లో ఉండేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ కాదనలేదు. ఆమె కార్డు తిరిగిచ్చి, సంచి తీసుకుని వసారాలోకి వెళ్లింది.

ఆయన ఫైలు మూసి దారం చుట్టాడు. ఇంటికి పోవడానికి తొందరేం లేదు. ఇంట్లో నాలుగు కుర్చీలు. మూడింటి మీద రెండేళ్ల దుమ్ము. ఏదీ తుడవడానికి కారణం లేదు.

అప్పుడు బీరువా మీద ఏదో మోగింది.

హెడ్ తలెత్తాడు. మేస్త్రి ఫోను. కాల్ లిస్టు తియ్యడానికి చార్జింగ్ పెట్టి, కవర్లో వేసి అక్కడే ఉంచారు. హెడ్ లేచి, వంగి చూశాడు.

"సార్. అమ్మాయి అని వస్తోంది."

కిటికీలోంచి వసారా కనిపిస్తోంది. ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది. ఇటు వీపు పెట్టి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని.

"కట్ చెయ్యనా సార్?"

"మోగనీ."

హెడ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయట టైపు మిషను ఆగింది. ఫోను కవర్లో వణుకుతూ బీరువా అంచు దాకా జరిగింది. ఇన్‌స్పెక్టర్ లేచి దాన్ని మధ్యకి జరిపి, చెయ్యి దానిమీదే ఉంచి నిలబడ్డాడు.

తొమ్మిదిసార్లు మోగి ఆగిపోయింది.

మళ్లీ మొదలైంది.